రోజా పగటివేళ మూత్రపిండం చేసే పొదుపు

సహర్ ముగిసినది మొదలు ఇఫ్తార్ వరకు గుక్కెడు నీరైనా ముట్టని రోజా మూత్రపిండాలను దెబ్బతీయదా అన్న సందేహం రంజాన్ మాసం వచ్చిన ప్రతిసారీ పాఠకుల నుంచి వినిపిస్తూనే ఉంటుంది. ఆహారం సంగతి తేలికే. కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో ఉన్న పిండిపదార్థపు నిల్వ, అది తరిగేకొద్దీ కొవ్వు, పగటికి కావలసిన శక్తిని సమకూరుస్తాయి. నీటికి అటువంటి నిల్వ లేదు. చెమటగా, ఊపిరిలోని ఆవిరిగా పోయేదాన్ని పూర్తిగా ఆపడం సాధ్యం కాదు కనుక, పొదుపు భారమంతా మూత్రపిండం మీదే పడుతుంది.

రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకట్టి, అందులో ఒకటిన్నర లీటర్లు మినహా మిగిలినదంతా తిరిగి రక్తంలోకి పంపుతాయి. రక్తంలో లవణాల గాఢత ఒకటి రెండు శాతం పెరిగినా మెదడులోని హైపోథలామస్ పసిగట్టి, దాహం పుట్టించడంతోపాటు పీయూష గ్రంథి నుంచి వాసోప్రెస్సిన్ అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. ఆ హార్మోన్ అందిన నిమిషాల్లోనే మూత్రాన్ని చివరగా పోగుచేసే సంగ్రహణ నాళాల గోడల్లోకి ఆక్వాపోరిన్లనే ప్రోటీన్లు, అంటే నీటిని మాత్రమే పోనిచ్చే సూక్ష్మరంధ్రాలు, వచ్చి చేరతాయి. వీటిని కనుగొన్నందుకే పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది.

రంధ్రాలు తెరుచుకున్నంత మాత్రాన నీరు దానంతటదే బయటకు రాదు. శరీరంలో నీటిని నేరుగా తోడే పంపు ఏదీ లేదు, గాఢత ఎక్కువగా ఉన్న వైపుకు నీరు ద్రవాభిసరణ వల్ల వెళ్లవలసిందే. మూత్రం రక్తం కంటే నాలుగు రెట్లు చిక్కబడాలంటే, నాళం చుట్టూ ఉన్న కణజాలం అంతకు తగ్గ ఉప్పదనంతో ఉండాలి. ఆ ఉప్పదనాన్ని సృష్టించేది, జర్మన్ శాస్త్రవేత్త హెన్లీ 1862లో వర్ణించిన, తలపిన్నులా వంగిన సన్నని గొట్టం, అంటే హెన్లీ శిక్యం. పైకెక్కే భాగం నీటిని పోనీయకుండా ఉప్పును మాత్రం బయటకు తోస్తుంది, కిందికి దిగే భాగం ఆ ఉప్పదనానికి నీటిని వదులుకుంటుంది. పక్కపక్కనే ఎదురెదురు దిశల్లో ద్రవం ప్రవహిస్తున్నందున, ఏ ఒక్క మట్టంలో చూసినా చిన్నదైన తేడా, లోతుకు పోయేకొద్దీ పోగుపడి, మూత్రపిండపు లోపలి పొర అయిన దవ్వ కొనలో నాలుగింతల గాఢతగా మారుతుంది.

ఈ ప్రతిప్రవాహ సూత్రాన్ని 1942లో ప్రతిపాదించినవాడు వైద్యుడు కాదు, బాసెల్‌కు చెందిన భౌతిక రసాయనవేత్త వెర్నర్ కూన్. మూత్రపిండ శాస్త్రంలో ఆనాటి మహామహుడైన హోమర్ స్మిత్ దానిని చాలాకాలం అంగీకరించలేదు. 1951లో కూన్ సహచరుడు విర్ట్స్ మూత్రపిండపు పలుచని ముక్కలను గడ్డకట్టించి, మంచు ఏ ఉష్ణోగ్రత వద్ద కరుగుతుందో సూక్ష్మదర్శినిలో పరిశీలించగా, లోపలికి పోయేకొద్దీ అది మరింత తక్కువ ఉష్ణోగ్రతకే కరగడం కనిపించింది. ఉప్పదనం పెరుగుతోందనడానికి అంతకంటే సూటి సాక్ష్యం ఉండదు. స్మిత్ మాత్రం 1959లో గానీ ఒప్పుకోలేదు.

సాయంత్రానికి మూత్రం ముదురు పసుపు రంగుకు తిరగడం చాలావరకు ఈ యంత్రాంగం పనిచేస్తోందనడానికి గుర్తే తప్ప, కొందరు ప్రచారం చేసేటట్టు ‘విషాలు’ కడుక్కుపోతున్నాయని కాదు. అలాగే సహర్ వేళ చెంబులకొద్దీ నీరు ఒక్కసారిగా తాగితే రక్తం పలచబడి, వాసోప్రెస్సిన్ తగ్గి, ఆ నీటిలో చాలాభాగం రెండు మూడు గంటల్లోనే బయటకు పోతుంది కనుక, ఇఫ్తార్ నుంచి సహర్ వరకు కొంచెం కొంచెంగా తాగడమే మేలు. ఊరగాయలు, ఉప్పు దట్టించిన వేపుళ్లు సహర్‌లో తగ్గించాలి. అదనపు ఉప్పును బయటకు పంపడానికి నీరు ఖర్చవుతుంది. చెమట పట్టే వ్యాయామాన్ని ఇఫ్తార్ తర్వాతకు వాయిదా వేయడం కూడా అందుకే.

అయితే ఈ భరోసా అంతా ఆరోగ్యవంతులకే వర్తిస్తుంది. మూత్రపిండ వ్యాధి ముదిరినవారిలో దవ్వ ఆ గాఢతను నిలుపుకోలేదు, వయసు మళ్లినవారిలోనూ ఆ శక్తి తగ్గుతుంది. దాహం వేసినా, వాసోప్రెస్సిన్ విడుదలైనా వారికి పొదుపు కుదరదు. ఇన్సులిన్ వాడే మధుమేహులకు చక్కెర పడిపోయే ముప్పు మరొకటి. అటువంటివారు మాసం మొదలుకాక మునుపే వైద్యుణ్ణి సంప్రదించాలి. రోగులకు ఉపవాసం నుంచి మినహాయింపును ఖురానే ఇచ్చినప్పుడు, దాన్ని వాడుకోవడానికి సంకోచించవలసిన పనిలేదు.