పెరటి మందు - పుదీనా

పుదీనా తులసి కుటుంబమునకు చెందిన మొక్క. తడినేలలో చిన్న కాడను నాటినను అల్లుకొనును. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల పెరళ్లలో సులభముగ పెరుగును. కడుపు ఉబ్బరించినపుడు పెద్దలు గుప్పెడాకులను నీట మరిగించి, వడగట్టి, గోరువెచ్చగ త్రాగింతురు. ఆకలిని పెంచి వాయువును హరించునని ఆయుర్వేద వైద్యులు దీనిని మెచ్చుకొందురు. ఈ జాతి మొక్కల సుగంధతైలము ప్రేవుల బిగువును సడలించునని నేటి శాస్త్రమును చెప్పుచున్నది.

అయితే తమ్మిలేరు, బుడమేరు పొంగి కొల్లేరు నిండు వర్షకాలమున త్రాగునీరు చెడి అతిసారము వ్యాపింపవచ్చును. దానిని పుదీనా మాన్పజాలదు. శరీరములోని నీరు, లవణములు తరిగిపోవుటయే అప్పటి అపాయము. కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో, తలగొట్టి కొలిచిన 6 చిన్న చెంచాల చక్కెరను, అర చెంచా ఉప్పును కలిపి మాటిమాటికి త్రాగించుచు, రోగిని వెంటనే వైద్యుని కడకు కొనిపోవలెను. ఉబ్బరమునకు పెరటి మందు చాలును, అతిసారమునకు చాలదు.