పాలు – హాలు: మా తరగతిలో ఒక పోలిక పాఠం

“అమ్మ మిల్లినింద బంతు” అనింది ఆ పాప. తరగతంతా గొల్లున నవ్వింది.

పావగడ తాలూకాలో చిన్న తరగతులకు కన్నడం చెప్తాను నేను. మా తాలూకా కర్ణాటకలో తుమకూరు జిల్లాది, చుట్టూ ఉండేది మాత్రం దాదాపు ఆంధ్రే. ఇంట్లో తెలుగు, బోర్డు మీద కన్నడం. ఆ పాప చెప్పాలనుకున్నది “అమ్మ మిల్లు నుంచి వచ్చింది” అని. కన్నడంలో “అమ్మ బందళు” అనాలి. “బంతు” అనేది ఆవుకో బస్సుకో చెప్పే మాట. అందుకే ఆ నవ్వు.

నేనూ తప్పు దిద్ది ముందుకు పోయినాను. మరుసటి రోజు మళ్ళీ “బంతు”. మళ్ళీ ఎర్ర గీత. వారం తిరిగేసరికి ఆ పాప నోరు తెరవడమే మానేసింది. వాళ్ళమ్మ షిఫ్టు దిగి నేరుగా బడికొచ్చింది, కొంగుకు ఇంకా దూది అంటుకొని ఉంది. “మా పాపకు బుర్ర లేదా మిస్? దాని బతుకూ మిల్లుకేనా?” అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా నాయిన మిల్లులో రింగ్ ఫ్రేము మీద పనిచేసినాడు. రెండు దారాలు వేళ్ళ మధ్య నలిపి “ఇది నలభై, ఇది అరవై” అనేవాడు. కౌంటు సంగతి మిల్లు ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. ఒక పౌండు నూలులో 840 గజాల చిలపలు 40 వస్తే 40 కౌంటు, 60 వస్తే 60 కౌంటు. అంకె పెరిగే కొద్దీ దారం సన్నం. నాయిన ఏ దారాన్నీ తప్పు దారం అనలేదు. రెండూ పత్తే, సన్నంలోనే తేడా. నేను మాత్రం ఆ పాప తెలుగును తప్పు కింద జమకట్టినాను.

మరుసటి రోజు పుస్తకం మూసి బోర్డు మీద రెండు గడులు గీసినాను. ఒక దాంట్లో తెలుగు మాటలు, ఇంకో దాంట్లో కన్నడం మాటలు. పాలు – హాలు. పులి – హులి. పల్లు – హల్లు. పంది – హంది. పత్తి – హత్తి. “ఏది ఒకటి? ఏది వేరు?” అని మాత్రమే అడిగినాను. జవాబు నేను చెప్పలేదు. కొంచెం సేపటికి వెనక బెంచీ పిల్లోడు లేచి, “మిస్, మన ‘ప’ వాళ్ళకు ‘హ’!” అన్నాడు.

నిజానికి పాత కన్నడంలోనూ అక్కడ ‘ప’నే ఉండేది. పదో శతాబ్దం నుంచి మెల్లగా ‘హ’ అయింది. పంప అన్న పేరు హంపి అయింది కూడా అట్లాగే. మా ఊరి పేరూ అడిగినారు. పాముకొండ అన్న మాట నుంచి పావగడ వచ్చిందని పెద్దలు చెప్తారు. పాముకు పాత కన్నడంలో ‘పావు’, ఇప్పుడు ‘హావు’. మా ఊరి పేరులో ఆ ‘ప’ ఇంకా నిలిచే ఉంది.

ఆ ఊపులో ఒక పాప “పుస్తకం – హుస్తక” అనింది. మళ్ళీ నవ్వు, కానీ ఈసారి ఎవరూ చిన్నబోలేదు. సంస్కృతం నుంచి వచ్చిన మాటలకు ఈ సూత్రం పట్టదు. పుస్తక, పాఠ అట్లాగే ఉంటాయి. వాటికోసం మూడో గడి గీసినాం. ఇంకో రోజు చెవి – కివి, చెయ్యి – కై, చెరువు – కెరె తెచ్చినారు. ఇక్కడ మారింది తెలుగు: పాత ‘క’ మనకు ‘చ’ అయింది.

అప్పుడు అసలు పాఠానికి వచ్చినాను. తెలుగు గడిలో “అన్న వచ్చినాడు, అక్క వచ్చింది, ఆవు వచ్చింది” అని రాసినాను. పక్కన “అణ్ణ బందను, అక్క బందళు, హసు బందితు”. మాటల్లో ఆ ‘బందితు’నే ‘బంతు’ అంటాం. తోకలకు గీతలు గీయమన్నాను. ఆ పాపే నెమ్మదిగా చెప్పింది: “మనకు రెండు తోకలు, వాళ్ళకు మూడు.” ఇంకొంచెం ఆగి, “అయితే నేను చెప్పింది తెలుగులో రైటే కదా మిస్?” అనింది. రైటే. అక్కకూ ఆవుకూ తెలుగులో ఒకే తోక. ఆ పాప తెలుగు లెక్కను కన్నడంలో పెట్టింది, అంతే.

ఇది నా సొంత తెలివేమీ కాదు. 2001లో అమెరికాలో రాబర్ట్ మార్జానో, మరో ఇద్దరు కలిసి బోధన పద్ధతుల మీద ఒక పుస్తకం తెచ్చినారు. అందులో తొమ్మిది పద్ధతులు చెప్తూ పోలికలు, తేడాలు గుర్తించడాన్నే మొదట పెట్టినారు. ముందు పోల్చడం, తర్వాత జాతులుగా విడదీయడం. భాషకే కాదు, ఏ పాఠానికైనా పనికొస్తుంది. మా పిల్లలు వేరుశనగ మొక్క, కంది మొక్క పీక్కొచ్చినారు. రెండింటి వేళ్ళకూ బుడిపెలు ఉన్నాయి. కాయలు మాత్రం ఒకదానికి మట్టిలో, ఇంకోదానికి కొమ్మకు. పోలిక పేరుకు తేడా ఒక్కటీ అడగకపోతే పాఠం సగమే. తేడాలే అడిగితే, పిల్లలు తమది తక్కువని అనుకుంటారు.

ఇంట్లో కూడా చేయొచ్చు. షిఫ్టు నుంచి వచ్చి కూచున్నాక పిల్లల్ని దగ్గరికి పిలిచి అడగండి. పత్తికి కన్నడంలో ఏమంటారు? నూలుకు? మగ్గానికి? మొదటిది హత్తి, మిగతావి నూలు, మగ్గ – దాదాపు మనవే. ఏది ఒకటి, ఏది వేరు, ఎందుకు? ఈ మూడు ప్రశ్నలు చాలు. మీకు కన్నడం రాకపోయినా ఫరవాలేదు, పిల్లలే చెప్తారు. వాళ్ళు మీకు నేర్పనీయండి.

ఆ పాప ఇప్పటికీ అప్పుడప్పుడు “అమ్మ బంతు” అంటుంది. అని, నాలిక కరుచుకొని “బందళు” అని తనే దిద్దుకుంటుంది. మొన్న వాళ్ళమ్మ గేటు దగ్గర కనిపించి, “మా పాప నాకు కన్నడం నేర్పిస్తా ఉంది మిస్, తప్పు పోతే నవ్వుతుంది” అని చెప్పింది.