పెరటికి ఇనుప పందిరి: వేసే ముందు తెలుసుకోవలసినవి

మార్చి దాటితే పెరట్లో కూర కరువు. కొత్తిమీర పూతకెక్కి ముదిరిపోతుంది, పాలకూర అంచులు మాడతాయి, టమాటా పూస్తుంది గాని పిందె నిలవదు. పాలు పోసి తెచ్చిన డబ్బులో కొంత మళ్ళీ కూరలకే పోతున్నదని సభ్యురాళ్ళు మాతో అంటూనే ఉన్నారు. పాల బిల్లులో కోత పెట్టించుకొని ఇనుప పందిరి వేసుకుంటాము, సంఘం నుంచి అప్పు ఇప్పించమని అడిగేవారూ ఉన్నారు. అప్పు చేసి వేసే వస్తువు అప్పు తీరకముందే తుప్పు పట్టకూడదు గదా! అందుచేత ఈ విషయం కాస్త వివరంగా చెప్పదలిచాము.

గ్రీన్‌హౌస్ అనగానే చాలామంది ప్లాస్టిక్ కప్పిన గుడారాన్ని ఊహించుకుంటారు. అది పుట్టింది చలి దేశాల కోసం. ఎండను లోపలికి రానిచ్చి వేడిని బయటికి పోనివ్వకపోవడమే దాని పని. లేహ్ వంటి చోట చలికాలంలో ఆకుకూర పండించాలంటే అది కావాలి. 42, 43 డిగ్రీలు కాసే మన ఊళ్ళలో పెరటి మీద ప్లాస్టిక్ కప్పితే లోపల మొక్క ఉడికిపోతుంది. మనకు కావలసింది ఎండను సగానికి తగ్గించి గాలిని ఆడనిచ్చే నీడ వల, అంటే షేడ్ నెట్. దాన్ని మోయడానికి గట్టి చట్రం కావాలి. ఇనుము ప్రసక్తి వచ్చేది ఇక్కడే.

వెదురు, సరుగుడు గుంజలు చవక. కాని భూమిలో ఉన్న భాగాన్ని చెదలు వదలవు. రెండు మూడేళ్ళకు గుంజ మొదట్లో విరుగుతుంది, విరిగినప్పుడు నెట్‌ను కూడా చింపుతుంది. జింకు పూత ఉన్న జి.ఐ. పైపు సరిగా పాతితే పదిహేను ఇరవై ఏళ్ళు నిలుస్తుంది. ఉప్పుగాలి తగిలే తీర గ్రామాల్లో మాత్రం అంత ఆశించకూడదు.

పైపు 20 అడుగుల పొడవున వస్తుంది కాబట్టి పందిరి కొలతను కూడా దానికి తగ్గట్టు పెట్టుకుంటే ముక్కలు వృథా కావు. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు తీసుకోండి. ఒక పైపును రెండుగా కోస్తే రెండు స్తంభాలు. ఒక్కొక్కటి భూమిలో 2 అడుగులు, పైన 8 అడుగులు. ఆరు స్తంభాలకు మూడు పైపులు, పైన పొడవు వైపులకు రెండు, అడ్డానికి ఒకటిన్నర. మొత్తం ఆరున్నర. మూలల్లో ఏటవాలు బిగింపులకు, తలుపు చట్రానికి మరో ఒకటిన్నర కలుపుకుంటే ఎనిమిది పైపులతో పని పూర్తవుతుంది.

ఇక కొనడం. పాలలో వెన్న శాతం చూడకుండా మీరు ధర ఒప్పుకోరు. పైపు విషయంలోనూ అంతే పట్టుగా ఉండాలి. ప్రమాణాల ప్రకారం తయారైన పైపుకు రంగు పట్టీ ఉంటుంది: పసుపు పట్టీ పలుచటి రకం, నీలం మధ్య రకం, ఎరుపు మందం రకం. అంగుళం పైపులో పసుపు రకం గోడ మందం 2.6 మిల్లీమీటర్లు, నీలం రకం 3.2. పట్టీని నమ్మడం ఒక్కటే చాలదు, కాటా మీద పెట్టించండి. 20 అడుగుల నీలం రకం పైపు సుమారు పద్నాలుగున్నర కిలోలు తూగుతుంది. పన్నెండు కిలోల దగ్గర ఆగితే అది పలుచటి రకమే, దుకాణదారు ఏ పేరు చెప్పినా సరే. నీలం రకమే తీసుకోమని మా సలహా.

జింకు పూతకు ఒక మంచి గుణం ఉన్నది. చిన్న గీత పడినా చుట్టూ ఉన్న జింకు ముందుగా తాను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. అయితే వెల్డింగు దగ్గర ఈ రక్షణ పోతుంది. జింకు సుమారు 420 డిగ్రీలకే కరుగుతుంది, వెల్డింగు మంట అంతకు ఎన్నో రెట్లు. అతుకు వేసిన చోట పూత కాలిపోయి మొదటి వానలకే ఎర్రబడుతుంది. కాలిన జింకు పొగ పీల్చడం కూడా మంచిది కాదు. కాబట్టి క్లాంపులు, బోల్టులతో బిగించుకోవడమే మేలు. రేపు ఇల్లు కట్టుకోవలసి వస్తే విప్పి పక్కకు మార్చుకోవచ్చు కూడా. వెల్డింగు తప్పనిసరైతే అతుకును ఇనుప బ్రష్‌తో రుద్ది జింకు ఎక్కువగా ఉండే ప్రైమరు రెండు పూతలు వేయించండి. వెల్డరు దగ్గర మామూలుగా ఉండే ఎర్ర రంగు దీనికి బదులు కాదు. కోసిన కొసలకూ ఆ ప్రైమరే పూసి, నీళ్ళు దిగకుండా మూతలు పెట్టాలి.

తుప్పుకు ఇంకొక ఇష్టమైన స్థానం స్తంభం నేలను తాకే చోటు. సిమెంటు కాంక్రీటును నేలకు మూడు నాలుగు అంగుళాలు పైకి తెచ్చి, చుట్టూ వాలు ఇవ్వాలి. మన పాడి ఇళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసింది మరొకటి ఉన్నది: పేడ దిబ్బను స్తంభానికి ఆనించవద్దు, కొట్టం కడిగిన నీళ్ళు అటు పారనివ్వవద్దు. మూత్రపు తడి జింకును తొందరగా తినేస్తుంది.

కరెంటు తీగల కింద పందిరి వద్దే వద్దు. నిలబెట్టేటప్పుడు 20 అడుగుల పైపు తీగను తాకితే ప్రాణం పోతుంది. మోటారు తీగను పందిరి మీదుగా లాగడం, స్తంభానికి గేదెను కట్టేయడం, ఈ రెండూ మేము చాలా పెరళ్ళలో చూస్తున్నాము. తీగ పూత చిట్లితే చట్రమంతా కరెంటు పాకుతుంది. మనిషి కంటే పశువు ఆ దెబ్బకు తొందరగా లోనవుతుంది. పాలిచ్చే గేదె పోయిన ఇంటికి పందిరి ఏం ఓదార్పు?

నెట్ ఆకుకూరలకు 50 శాతం నీడ ఇచ్చేది చాలు. 75 శాతం నెట్ వేస్తే మొక్కలు వెలుతురు కోసం సన్నగా సాగిపోతాయి. ఎండను తట్టుకునే యు.వి. రకం మూడు నుంచి ఐదేళ్ళు వస్తుంది. ఎండకు కాలిన పైపుకు ఆనిన చోటే నెట్ ముందు చిరుగుతుంది కనుక అక్కడ తెల్ల టేపు చుట్టండి. తుపాను హెచ్చరిక రాగానే నెట్ విప్పేయాలి. ఉత్త చట్రం గుండా గాలి దూరిపోతుంది, నెట్ ఉంటే అది తెరచాపలా గాలిని పట్టి స్తంభాలను వంచుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన విశాఖ వైపు సభ్యులకు గాలి బలం గురించి మేము చెప్పనక్కరలేదు. కాబట్టి నెట్‌ను ఒక మనిషి అరగంటలో విప్పగలిగేటట్టు తాళ్ళతో కట్టుకోవాలి.

షేడ్ నెట్ కోతుల్ని ఆపదు. తెల్లదోమనూ ఆపదు, దాని రంధ్రాలు పెద్దవి. టమాటా, మిరప నారును ముడత తెగులు నుంచి కాపాడుకోవాలంటే నారుమడి వరకు 40 మెష్ కీటక వల విడిగా కట్టాలి. బీర, కాకర, సొర వంటి పాదులకు నిండు ఎండ కావాలి. వాటిని లోపల పెట్టవద్దు. పడమటి వైపు బయట నాటి పైకి ఎక్కిస్తే కాయలకు కాయలు, సాయంత్రపు ఎండకు అడ్డూ. లోపల ఒక మూల అజొల్లా మడి పెట్టుకోవచ్చు. దానికి ఇటువంటి అరనీడే ఇష్టం. రోజుకు పశువుకు కిలోన్నర నుంచి రెండు కిలోలు కడిగి దాణాలో కలిపి పెట్టవచ్చు.

ఖర్చు లెక్క ఇలా వేయండి. ఇనుము ఖర్చును 15తోనూ, నెట్ ఖర్చును 4తోనూ భాగించి కలిపితే ఏడాదికి పడే భారం తెలుస్తుంది. వేసవి నాలుగు నెలల్లో కూరలకు మీరు పెట్టే డబ్బు అంతకంటే ఎక్కువైతేనే ముందుకు వెళ్ళండి. అప్పు వాయిదాలు గేదె ఈనిన తరువాత మొదలై, వట్టిపోయేలోపు ముగిసేటట్టు రాయించుకోవాలి. పాల బిల్లు లేని నెలల్లో కోత పడేది ఎక్కడ? దాణా బాకీ ఉన్నవారు ముందు అది తీర్చాలి. అటువంటివారు ఈ ఏడాదికి వెదురు గుంజల మీదనే మంచి నెట్ కట్టుకోవచ్చు. వచ్చే ఏడు ఇనుము కొన్నప్పుడు అదే నెట్ దాని మీదికి మారుతుంది.