గోదావరి తీరం – పురావస్తు ప్రదర్శనశాల

మానవుని గతం గ్రంథాలలో కొంత, నేల పొరలలో కొంత నిక్షిప్తమై ఉంటుంది. నేలలో లభించిన ఆనవాళ్లను భద్రపరచి, వాటి కాలాన్నీ స్థలాన్నీ తెలియజేసే విజ్ఞాన నిలయమే పురావస్తు ప్రదర్శనశాల. నిజామాబాదు పట్టణంలోని తిలక్ గార్డెన్‌లో ఇట్టి ప్రదర్శనశాల 2001లో ప్రారంభమైనది. ప్రాచీన శిలాయుగం మొదలుకొని విజయనగర కాలం వరకు గల మానవ జీవన పరిణామాన్ని ఇందలి వస్తువులు తెలుపుతాయి. శిల్పాలు, కంచు విగ్రహాలు, బిద్రీ పాత్రలు, ఆయుధాలు ఇక్కడ దర్శనమిస్తాయి.

ఈ ప్రాంతపు ప్రాచీనతకు మూలం గోదావరి నది. త్ర్యంబకం వద్ద జన్మించిన ఈ నది కందకుర్తి వద్ద తెలంగాణలో ప్రవేశిస్తుంది. మంజీర, హరిద్ర నదులు అక్కడే దానిలో సంగమిస్తాయి. నీరు, సారవంతమైన నేల ఉన్నచోట జనావాసాలు వెలయడం సహజం. షోడశ మహాజనపదాలలో దక్షిణాపథానికి చెందినది అశ్మకం ఒక్కటే. పాళీ గ్రంథమైన సుత్తనిపాతం దానిని గోదావరీ తీరదేశంగా పేర్కొన్నది. దాని రాజధాని నేటి బోధనే అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ‘అశ్మ’ అనగా రాయి. రాతి పేరు దాల్చిన ఆ దేశపు గాథను నేడు మనకు తెలుపవలసినవి రాళ్లే.

నది జీవనాన్ని ఇచ్చినట్లే కొన్ని ఆనవాళ్లను తనలో దాచుకొన్నది. కందకుర్తిలోని పురాతన శివాలయం వరదలలో మునిగి, నీరు తగ్గినపుడు మరల కనిపిస్తుంది. దిగువన, ముప్కాల్‌కు సమీపంలో, పోచంపాడు వద్ద శ్రీరామసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ జలాశయం వేలాది ఎకరాలను సస్యశ్యామలం చేసినది. అందుకై కొన్ని పల్లెలు తమ ఇండ్లను, గుడులను, ఊరబావులను నీటికి అర్పించినవి.

పురావస్తువుకు ప్రాణం దాని లభ్యస్థానం. ఏ ఊరిలో, ఏ లోతున, ఏ వస్తువుల సరసన లభించినదో తెలిసిన విగ్రహం చరిత్రకు సాక్షి. ఆ వివరం లోపిస్తే దాని అందం మిగులుతుంది, సాక్ష్యం మూగబోతుంది. కనుకనే నేలలో దాగిన, పది రూపాయలకు మించిన విలువగల నిధి లభించినవారు జిల్లా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం నిర్దేశిస్తున్నది.

పొలం దున్నునపుడు, పునాది తవ్వునపుడు పాత నాణెమో, శాసనమో బయటపడవచ్చును. దానిని కడుగక, చెక్కక, అమ్మక, దొరికిన చోటును గుర్తించి అధికారులకు తెలుపడం విద్యార్థుల కర్తవ్యం. మునిగిన పల్లెల పేర్లను, విశేషాలను పెద్దల నుండి విని వ్రాసిపెట్టడమూ అట్టిదే. వారితోపాటు ఆ జ్ఞాపకాలు అంతరిస్తే, వాటిని ఏ త్రవ్వకమూ వెలికితీయజాలదు.