ఉద్దానం మూత్రపిండ వ్యాధి: కారణం తేలకముందే రూపొందిన ప్రజావిధానం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో 1990 దశకం నుంచి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తృతంగా కనిపిస్తోంది. మధుమేహం, అధిక రక్తపోటు వంటి పరిచిత కారణాలు లేనివారికీ ఇది సోకడం దీని ప్రత్యేకత. మూలకారణం నేటికీ నిర్ధారణ కాలేదు. అయినా తాగునీటి పథకం, ఆసుపత్రి, పింఛను రూపంలో ప్రభుత్వాలు చర్యలు చేపట్టాయి. కారణం తెలియని స్థితిలో ప్రజావిధానం ఏ ఆధారంపై నిలుస్తుంది, దాని ఫలితాన్ని ఎలా కొలవాలి అనే ప్రశ్నలను వైద్య, పర్యావరణ, సామాజిక శాస్త్రాల సమన్వయ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఉద్దానం, మూత్రపిండ వ్యాధి, తాగునీరు, ముందుజాగ్రత్త సూత్రం, సుస్థిరాభివృద్ధి, ప్రజావిధానం.

1. ఉపోద్ఘాతం:

పశ్చిమాన మహేంద్రగిరి పర్వతపంక్తికీ తూర్పున బంగాళాఖాతానికీ నడుమ విస్తరించిన తోటల ప్రాంతం ఉద్దానం. 'ఉద్యానం' అనే మాటే ఉద్దానంగా మారిందని స్థానికుల వాడుక. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు ప్రధానంగా దీని పరిధిలోకి వస్తాయి. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇక్కడి జీవనాధారాలు. పచ్చదనానికి పేరుపడ్డ ఈ నేలే మూత్రపిండ వ్యాధికి చిరునామాగా మారింది. ఇటీవలి శాస్త్రీయ సర్వేల ప్రకారం ఇక్కడి వయోజనుల్లో సుమారు ఐదింట ఒక వంతు మందిలో ఈ వ్యాధి లక్షణాలున్నాయి. నెఫ్రాలజీ నిపుణులు టి. రవిరాజు వంటివారి కృషి వల్ల ఈ సమస్య అంతర్జాతీయ వైద్య పరిశోధనా పత్రికల దృష్టికి వెళ్లింది.

2. వ్యాధి స్వభావం:

మూత్రపిండాల వడపోత సామర్థ్యం దాదాపు సగం తగ్గేవరకు రక్తంలోని క్రియాటినిన్ స్థాయి సాధారణ హద్దుల్లోనే కనిపించవచ్చు. ఉద్దానం తరహా వ్యాధిలో దెబ్బ ముఖ్యంగా మూత్రనాళికలకూ వాటి మధ్యనున్న కణజాలానికీ తగులుతుంది. అందువల్ల తొలిదశలో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. కాళ్లవాపు, రక్తపోటు కూడా ఉండకపోవచ్చు. సాధారణ మూత్రపరీక్షలో ఏ లోపమూ కనిపించని వ్యక్తి కొన్నేళ్లకే డయాలసిస్ దశకు చేరడానికి కారణమిదే. వ్యాధి మౌనంగా ముదురుతుంది కనుక రోగి వైద్యుణ్ణి వెతుక్కుంటూ వచ్చేవరకు వేచి ఉండే ఆరోగ్యవ్యవస్థ దీన్ని సకాలంలో పట్టుకోలేదు.

3. కారణాన్వేషణ – శాస్త్రశాఖల పరిమితులు:

ఇలాంటి వ్యాధి శ్రీలంకలోని ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతుల్లోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు కోత కార్మికుల్లోనూ కనిపిస్తోంది. ఈ ప్రాంతాలన్నీ ఉష్ణమండలానికి చెందినవి. బాధితుల్లో ఎక్కువమంది కాయకష్టం చేసే గ్రామీణ పేదలు. అయితే ఒక్కో శాస్త్రశాఖ ఈ సమస్యలో ఒక్కో కోణాన్ని చూస్తుంది.

భూగర్భజల శాస్త్రం నీటిని అనుమానిస్తుంది. ఉద్దానంలో పలు పరీక్షల్లో భారలోహాలు అనుమతించిన హద్దుల్లోనే ఉన్నట్లు తేలింది. మరికొన్ని అధ్యయనాలు సిలికాపై దృష్టి పెట్టాయి. భారతీయ తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500లో సిలికాకు పరిమితి నిర్దేశించలేదు. కనుక 'ప్రమాణాలకు లోబడిన నీరు' అనే మాట ఈ సందర్భంలో సంపూర్ణ భరోసా ఇవ్వదు.

వృత్తి ఆరోగ్యశాస్త్రం ఎండలో శ్రమనూ, శరీరం పదేపదే నీరు కోల్పోవడాన్నీ ప్రధానంగా పరిగణిస్తుంది. మధ్య అమెరికా చెరకు తోటల్లో నీరు, విశ్రాంతి, నీడ కల్పించే కార్యక్రమాలు ఈ అవగాహన నుంచే వచ్చాయి. కానీ నీడనిచ్చే కొబ్బరి, జీడి తోటల ప్రాంతానికి ఆ నమూనాను యథాతథంగా అన్వయించడం కుదరదు. ఇక్కడ ఎవరు ఏ పని, ఏ వేళలో, ఎంతసేపు చేస్తారన్నది ముందుగా నమోదు కావాలి. పురుగుమందులు, ఒళ్లునొప్పులకు వాడే మాత్రలు, జన్యుపరమైన అంశాలు కూడా పరిశీలనలో ఉన్నాయి.

వీటన్నిటికీ ఉమ్మడిగా ఒక పద్ధతిపరమైన చిక్కు ఉంది. మూత్రపిండం దెబ్బతినడానికి ఏళ్లు పడుతుంది. ఈనాడు సేకరించిన నీటి నమూనా ఇరవై ఏళ్ల క్రితం రోగి తాగిన నీటి గురించి చెప్పలేదు. ఒకే సమయంలో జరిపే సర్వే వ్యాధి ఎంత ఉందో చెబుతుంది. ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి అనుసరించే అధ్యయనం అవసరం.

4. విధానపరమైన ప్రతిస్పందన:

పూర్తి శాస్త్రీయ నిర్ధారణ లేదన్న కారణంతో నివారణ చర్యలను వాయిదా వేయరాదని 1992 నాటి రియో ప్రకటనలోని 15వ సూత్రం పర్యావరణ హాని విషయంలో చెబుతుంది. ఉద్దానంలో జరిగింది ఒక విధంగా ఈ సూత్రానికి అన్వయమే. వంశధార నదీజలాలను హిరమండలం జలాశయం నుంచి 807 గ్రామాలకు అందించేందుకు సుమారు 700 కోట్ల రూపాయల వ్యయంతో తాగునీటి పథకం రూపొందింది. ఆ పథకమూ, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రమూ 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. అంతకుముందు విశాఖపట్నం దాకా పోవలసిన రోగులకు స్థానిక డయాలసిస్ కేంద్రాలు కొంత ఊరట కలిగించాయి.

1854లో లండన్‌లో కలరా వ్యాపించినప్పుడు జాన్ స్నో వాదన మేరకు బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడిని తొలగించారు. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ గుర్తించింది మరో మూడు దశాబ్దాలకు. కారణం తేలకముందే చర్య తీసుకోవచ్చనడానికి ఇది ప్రసిద్ధ ఉదాహరణ. కానీ కలరా విషయంలో ఫలితం రోజుల్లో తెలుస్తుంది. ఉద్దానంలో నీటి మార్పు ఫలితం తెలియడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి కొలిచే ఏర్పాటు లేకుండా చర్య మాత్రమే తీసుకుంటే, అది పనిచేసిందో లేదో తరువాతి తరానికీ తెలియకపోవచ్చు.

5. విధానంలోని ఖాళీలు:

మొదటిది, పింఛను. 2019 తరువాత డయాలసిస్ రోగులకు నెలకు రూ. 10,000, ఆ దశకు చేరనివారికి రూ. 5,000 నిర్ణయించారు. రెండవ వర్గానికి సీరం క్రియాటినిన్ 5 మిల్లీగ్రాములు దాటడం, వడపోత రేటు 15 కంటే తగ్గడం, మూత్రపిండం కుంచించుకుపోవడం కొలమానాలయ్యాయి. ఇవన్నీ చివరిదశ సూచికలే. వడపోత రేటు 50 ఉన్న వ్యక్తికి నొప్పిమాత్రలు మానిపించి, ఎండపనిని నియంత్రించి, క్రమంగా పరీక్షలు చేస్తే మేలు జరిగే అవకాశం ఉంది. ఈ చట్రంలో అతడికి చోటు లేదు. చేయూత అత్యవసరమే, అయితే అది వ్యాధి ముదిరాకే మొదలవుతోంది.

రెండవది, కుటుంబ ఆర్థికం. వారానికి రెండుమూడు సార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు సాగే డయాలసిస్‌కు రోగితో పాటు తోడు వెళ్లే మనిషి కూలి కూడా పోతుంది. చికిత్స ఉచితమైనా ఈ నష్టం ఏ లెక్కలోనూ చేరదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను తోటలను కూల్చినప్పుడు, కష్టకాలంలో ఆదుకునే ఆస్తే నేలమట్టమైంది. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. డయాలసిస్ అన్నాళ్లు ఆగదు.

మూడవది, నీరు తాగే చోటు. కుళాయి ఇంటికి వస్తుంది. పనివేళల్లో దాహం తోటలో, పొలంలో, జీడి కార్ఖానాలో వేస్తుంది. అక్కడ ఏ నీరు తాగుతున్నారన్నది తేలకుండా పథక ప్రభావాన్ని అంచనా వేయలేం.

నాల్గవది, సూచికలు. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 3.4 కింద మరణాలను లెక్కించే సూచికలో గుండెజబ్బులు, క్యాన్సర్, మధుమేహం, శ్వాసకోశ వ్యాధులు ఉన్నాయి. మూత్రపిండ వ్యాధి విడిగా లేదు. 2025 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ మూత్రపిండ ఆరోగ్యంపై తీర్మానం ఆమోదించడం ఈ లోటును గుర్తించే దిశగా పడిన అడుగు.

6. పరిశోధనావకాశాలు:

• నదీజలాలు అన్ని గ్రామాలకూ ఒకే రోజున అందవు. ముందు అందిన, ఆలస్యంగా అందిన గ్రామాలను దీర్ఘకాలం పోల్చిచూస్తే నీటి పాత్రపై బలమైన సాక్ష్యం లభిస్తుంది. ఇందుకు ప్రారంభస్థితి వివరాలు ఇప్పుడే భద్రపరచాలి.

• ఆశా, ఏ.ఎన్.ఎం. కార్యకర్తల ద్వారా ఏటా క్రియాటినిన్ పరీక్ష జరిపి, తొలిదశ రోగుల పట్టిక నిర్వహించాలి.

• ఈ ప్రాంతంలో ఉత్తరాంధ్ర మాండలికంతో పాటు ఒడియా, సవర భాషలు వినిపిస్తాయి. నొప్పి, నీరసం, దాహం వంటి అనుభవాలను ప్రజలు ఏ మాటల్లో చెబుతారో తెలియకుండా తయారుచేసిన ప్రశ్నావళి సరైన సమాధానాలు రాబట్టలేదు. భాషా పరిశోధకులకు ఇక్కడ ప్రత్యక్ష పాత్ర ఉంది.

7. ముగింపు:

ఉద్దానం సమస్యకు నీరు, శ్రమ, వాతావరణం, పేదరికం, వైద్యం అన్నీ ముడిపడి ఉన్నాయి. కారణం తేలకముందే చర్య తీసుకోవడం సమర్థనీయమే. అయితే ఆ చర్య ఫలితాన్ని కొలిచే బాధ్యత కూడా విధానంలో భాగం కావాలి. పదేపదే రక్తనమూనాలు ఇచ్చిన గ్రామాలకు తమ ఫలితాలు తమ భాషలో తెలుసుకునే హక్కు ఉంది. ఆ హక్కును గౌరవించే పరిశోధనకే ప్రజల దీర్ఘకాలిక సహకారం లభిస్తుంది. ఆ సహకారం లేనిదే కారణాన్వేషణ ముందుకు సాగదు.