కంటికి కనిపించని గాయం – పిల్లల్లో గుర్తించేది ఎలా?



2023 జూన్ 15న ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌లో ఒక కోచింగ్ భవనంలో మంటలు లేచాయి. సివిల్స్ శిక్షణకు దేశం నలుమూలల నుంచీ యువత చేరే ప్రాంతం అది. విద్యుత్ మీటర్ల దగ్గర మొదలైన మంట కంటే పొగే ఎక్కువ భయపెట్టింది. విద్యార్థులు కిటికీల్లోంచి తాళ్లు, వైర్లు పట్టుకుని కిందికి జారిన దృశ్యాలు మీలో కొందరు టీవీలో చూసే ఉంటారు. దాదాపు 60 మంది గాయపడ్డారు, అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు. ఢిల్లీ హైకోర్టు ఈ విషయాన్ని తనంత తానుగా విచారణకు స్వీకరించింది. అయితే ఒంటిమీద గీత కూడా పడకుండా బయటపడినవారు గాయపడినవారి లెక్కలోకి రారు. వారిలో కొందరికి దెబ్బ లోపల తగిలి ఉండవచ్చు.

వారు పెద్దవాళ్లు, తమ బాధ నోరు విప్పి చెప్పుకోగలరు. చిన్నపిల్లల సంగతి ఏమిటి? 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలాలేని లెవెల్ క్రాసింగ్‌లో ఒక స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది. అలాంటి ప్రమాదం నుంచి ప్రాణాలతో బయటపడిన పిల్లల మనసులో ఏం జరుగుతోందో తెలుసుకోవడం ఎలా? ఈ పాఠంలో మనం చూడబోయేది అదే.

ప్రాణభయం కలిగించిన సంఘటన తర్వాత వచ్చే ఒక మానసిక రుగ్మతను పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో దీనిని తమ రుగ్మతల పట్టికలో చేర్చింది. జరిగినది పదే పదే కళ్లముందుకు రావడం, పీడకలలు, ఆ చోటికి వెళ్లడానికి నిరాకరించడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం దీని లక్షణాలు. పసిపిల్లల్లో ఇది వేరే రూపంలో కనిపిస్తుంది. మాటల్లో చెప్పలేనిది ఆటల్లో చూపిస్తారు: బొమ్మ బస్సును మళ్లీ మళ్లీ గుద్దిస్తారు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. తల్లి కొంగు వదలరు. మన ఇళ్లలో పెద్దలు దీనిని ‘దడుచుకున్నాడు’ అని తాయెత్తు కట్టిస్తారు. వారు గమనించినది నిజమే, ఆ గమనింపు తాయెత్తు దగ్గరే ఆగిపోవడం మాత్రం ప్రమాదం.

ప్రమాదం జరిగిన మొదటి రోజుల్లో భయపడటం సహజం. చాలామంది పిల్లలు ఇంటివారి ఆదరణతో, బడి మళ్లీ మొదలవడంతో వాటంతటవే తేరుకుంటారు. లక్షణాలు నెల దాటినా తగ్గకపోతేనే ఈ రుగ్మతగా పరిగణిస్తారు. ప్రమాదానికి గురైన 3,563 మంది పిల్లలపై జరిగిన 43 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2014లో ఒక విశ్లేషణ వెలువడింది. దాని ప్రకారం ఇలాంటి పిల్లల్లో సుమారు 16 శాతం మందికి ఈ రుగ్మత వచ్చింది. ఆ 16 మందిని మిగతా 84 మందిలోంచి వేరు చేయడానికే స్క్రీనింగ్.

ఇందుకు వాడే ప్రశ్నావళుల్లో ఒకదానిని చూద్దాం. పెద్దల కోసం 1979లో రూపొందించిన ఒక కొలమానాన్ని పిల్లలకు అనువుగా మార్చారు. ఎనిమిదేళ్లు, ఆ పైబడినవారికి ఎనిమిదే ప్రశ్నలు. వద్దనుకున్నా అది గుర్తుకొస్తోందా, దాని గురించి మాట్లాడకుండా తప్పించుకుంటున్నావా అనే ధోరణిలో గత ఏడు రోజుల గురించి అడుగుతారు. ‘అస్సలు లేదు’ అంటే 0, ‘అరుదుగా’ 1, ‘అప్పుడప్పుడు’ 3, ‘తరచుగా’ 5 మార్కులు. మొత్తం 40కి 17 లేదా అంతకు మించి వస్తే నిపుణుని దగ్గరకు పంపాలి.

ఇక్కడే ఒక పొరపాటుకు అవకాశం ఉంది. 17 వస్తే జబ్బు ఉన్నట్టేనా? కాదు. లెక్క వేసి చూడండి. వందమంది పిల్లల్లో 16 మందికి రుగ్మత ఉందనుకుందాం. ఒక పరీక్ష రోగుల్లో 80 శాతం మందిని పట్టుకుంటుంది, ఆరోగ్యవంతుల్లో 20 శాతం మందిని పొరపాటున ‘అనుమానం’ జాబితాలో వేస్తుంది అనుకుందాం. అప్పుడు జాబితాకెక్కేవారు సుమారు 30 మంది, వారిలో నిజంగా జబ్బున్నవారు 13 మందే. ముగ్గురు రోగులు తప్పించుకుపోతారు కూడా. బడిలో గోడకు అక్షరాల అట్ట తగిలించి కళ్లు పరీక్షించినట్టే ఇది. అద్దాలు రాసేది మాత్రం కంటి డాక్టరే. కాబట్టి మార్కులు చూసి ఏ పిల్లవాడికీ పేరు తగిలించకూడదు.

అడగవలసింది కూడా పిల్లవాడినే. ‘మావాడు బాగానే ఉన్నాడండీ’ అని తండ్రి నమ్మకంగా చెబుతాడు, అమ్మానాన్నలు బాధపడతారని పిల్లవాడు రాత్రి కలలు దాచిపెడతాడు. పెద్దల జవాబులు, పిల్లల జవాబులు తరచుగా కలవవు. అలాగే ఈ ఒక్క రుగ్మతనే వెతికితే చాలదు. స్నేహితుణ్ణి పోగొట్టుకున్న పిల్లకు భయం కంటే దుఃఖం, కుంగుబాటు ఎక్కువ కావచ్చు. ఎదిగిన పిల్లల్లో అది కోపంగానో, చదువులో మార్కులు పడిపోవడంగానో బయటపడుతుంది. దానికి బెత్తం మందు కాదు.

పరీక్ష తర్వాత చూపడానికి వైద్యుడే లేకపోతే ప్రశ్నలు అడిగి ప్రయోజనం ఏమిటి? అందుకే చికిత్స ఏర్పాటు చూసుకున్నాకే స్క్రీనింగ్ చేయాలి. జరిగినదాన్ని బలవంతంగా చెప్పించడం చికిత్స కాదు. శిక్షణ పొందిన నిపుణులు పిల్లవాడి వేగాన్ని బట్టి వారాల తరబడి చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ మంచి ఫలితాలిస్తోంది. మీ తరగతిలో ఎవరినైనా చూసి అనుమానం వస్తే ముందు నమ్మకమైన టీచరుకు చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. ఫోను ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.