నెవాడా వేట ట్యాగుల డ్రా: నిరీక్షణకు కట్టిన విలువ

అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో వన్యమృగాలు భూయజమాని సొత్తు కావు. ప్రజల తరఫున ప్రభుత్వం వాటిని సంరక్షిస్తుంది. పెద్ద జంతువును వేటాడాలంటే లైసెన్సుతోపాటు, ఆ జంతువుకూ ప్రాంతానికీ కాలానికీ పరిమితమైన ‘ట్యాగు’ అనే అనుమతిపత్రం ఉండాలి. నెవాడాలో మ్యూల్ జింక, ఎల్క్, బిగ్‌హార్న్ గొర్రెల ట్యాగులను కోరేవారు ఎక్కువ, కోటా తక్కువ. కనుక డ్రా తప్పదు.

ట్యాగు దక్కనివారికి ఆ ఏటికి ఒక బోనస్ పాయింటు చేరుతుంది. మరుసటి డ్రాలో పాయింట్ల సంఖ్యను వర్గం చేసి, దానికి ఒకటి కలిపి, అన్ని యాదృచ్ఛిక సంఖ్యలను దరఖాస్తుదారుకు కేటాయిస్తారు. వాటిలో అతి చిన్నదే అతని స్థానాన్ని నిర్ణయిస్తుంది. రెండు పాయింట్లున్నవారికి 5 సంఖ్యలు, పది ఉన్నవారికి 101, ఇరవై ఉన్నవారికి 401. కొత్తవారికి ఒక్కటే, అయినా అందరి సంఖ్యలలోకీ చిన్నది అదే కావచ్చు. ట్యాగు లభిస్తే పాయింట్లు తిరిగి సున్నాకు చేరతాయి.

కొలరాడోలో చిరకాలం నడిచిన ప్రాధాన్య పాయింట్ల పద్ధతి వేరు. అక్కడ ప్రధానంగా ఎక్కువ పాయింట్లున్నవారికే ముందు అవకాశం. దరఖాస్తులు పెరిగేకొద్దీ కావలసిన పాయింట్లూ పెరుగుతాయి; ఆలస్యంగా వరుసలో చేరిన యువకుడు ముందున్నవారిని ఎన్నటికీ అందుకోలేడు. నెవాడా అతనికి తలుపు మూయదు గాని, వర్గ సూత్రం వల్ల అది కొంచెమే తెరుచుకుంటుంది. పొరుగునున్న ఐడహోలో పాయింట్లే లేవు. ఇరవై ఏళ్లుగా దరఖాస్తు చేస్తున్నవారికీ నిన్న చేరినవారికీ అక్కడ ఒకే అవకాశం.